పాదిరి చెక్క మీద కార్లు

నెవిల్ డానెట్ ఇరవై రెండేళ్ళు జిల్లా మ్యూజియంలో అద్దాలు తుడిచాడు. ఉద్యోగం పేరు అటెండెంటు. పగలంతా కుర్చీలో కూర్చుని జనం అద్దాల మీద చేతులు వెయ్యకుండా చూడటం, సాయంత్రం ఆ చేతుల మరకలు తుడవటం, అదీ పని. ప్రతి అద్దం వెనకా ఒక పాత వస్తువు, దాని కింద ఒక చీటీ, చీటీ అడుగున ఒక పేరు. కనుగొన్నవారు ఫలానా అని. ట్రాక్టరు తోలేవాడి పేరు ఉంది. బడిపంతులు పేరు ఉంది. కుక్కని తిప్పుతూ వెండి పిన్నీసు తొక్కిన ఒకావిడ పేరు కూడా ఉంది. వాళ్ళలో ఒక్కరూ తనకంటే గొప్పవాళ్ళు కారని నెవిల్‌కి ప్రతి సాయంత్రం ఐదు గంటలకి, చేతిలో తడిగుడ్డతో, కొత్తగా తెలిసొచ్చేది.

అలాంటి చీటీ ఒక్కటి తన పేరుతో ఉండాలి. జీవితం మొత్తంలో అతను గట్టిగా కోరుకున్నది అదొక్కటే. పెద్ద ఇల్లు కోరలేదు, పై ఉద్యోగం కోరలేదు. భార్య బెరిల్ సముద్రం ఒడ్డున వారం రోజులు ఉండొద్దామంటే సరే అనేవాడు గాని, అక్కడ కూడా అతని చూపు అలల మీద ఉండేది కాదు, ఇసక మీద ఉండేది.

శని ఆదివారాలు లింకన్‌షైర్ గుట్టల మీద పొలాల్లో లోహాలు వెతికే యంత్రం ఊపుకుంటూ తిరిగేవాడు. పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెం, చెవులకి రెండు డిప్పలు. కింద లోహం ఉంటే కూస్తుంది. అది కూసిన చోటల్లా వంగి తవ్వితే ఇన్నేళ్ళలో వచ్చినవి గుండీలు, సీసపు తూటాలు, గుర్రపు నాడాలు, రాజు మొహం పూర్తిగా అరిగిపోయిన ఒక పెన్నీ. బెరిల్ వాటిని బిస్కెట్ డబ్బాలో వేసి మెట్ల కింద పెట్టింది.

యంత్రం ఎవడైనా కొనుక్కోవచ్చు. దొరకనిది పొలం. రైతు ఒప్పుకోవాలి, ఒప్పుకున్న రైతు మాట మీద నిలబడాలి. ఒకచోట మాట తప్పినవాడిని ఇంకో ఏ గేటూ లోపలికి రానివ్వదు. ఆ కబురు గాలి కంటే ముందు పాకుతుంది. నెవిల్‌కి గాడ్‌ఫ్రీ మావర్ గారి పొలం దొరికింది. కాగితం లేదు, చేతిలో చెయ్యి వేసుకోవడం ఒక్కటే. షరతు కూడా ఒక్కటే. గోధుమ కోసిన తరవాత, మళ్ళీ విత్తే లోపల, కొయ్యకాళ్ళ మీద ఎంతైనా తిరుగు, ఎంతైనా తవ్వు. గేటు పక్కన మూడు మూలల గడ్డి ముక్క ఉంది, దాన్ని పాదిరి చెక్క అంటారు, దాని మీద మాత్రం పార పెట్టకూడదు. అక్కడ మావర్ గారి గొర్రెలు మేస్తాయి. ఎప్పుడో ఎవడో తవ్వి వదిలేసిన గుంతలో ఒక గొర్రె కాలు విరిగింది. ఆయన దాన్ని తన చేత్తోనే చంపాల్సి వచ్చింది, అది మర్చిపోలేదు.

అటెండెంటుగా ఉన్న రోజుల్లోనే, ఒక మే నెల సాయంత్రం, నెవిల్ ఆ గేటు దగ్గర నిలబడి మావర్ గారి కోసం ఎదురుచూస్తున్నాడు. కోతలయ్యాక ఆగస్టులో, తనలా యంత్రాలతో వెతికేవాళ్ళందరినీ పొలం మీదికి పిలిచి రెండు రోజులు ర్యాలీ పెడదామని, వచ్చిన విరాళం ఎయిర్ అంబులెన్సుకి ఇద్దామని అడగటానికి వచ్చాడు. ముసలాయన సంత నుంచి ఇంకా రాలేదు. గొర్రెలు ఆ వారం పక్క పొలంలో ఉన్నాయి. యంత్రం భుజాన ఉంది. పార పెట్టకూడదన్నాడు గాని ఊపకూడదని అనలేదు కదా అనుకున్నాడు. దొంగతనాలన్నీ ఇలాంటి కదాతోనే మొదలవుతాయి.

గేటుకి పదహారు అడుగుల దూరంలో యంత్రం కూసింది. అలాంటి కూత అతను పొలంలో ఎప్పుడూ వినలేదు, నిండుగా, వెడల్పుగా. కత్తితో గడ్డిని మూడు వైపులా కోసి మూతలా ఎత్తాడు. జానెడు లోతులో ఆకుపచ్చటి అంచు కనపడింది. గుండ్రంగా, ఎక్కడా విరగని అంచు. వేలితో మట్టి తోస్తే లోపలి ఒంపు, ఒంపు మీద అరచేతిలో పట్టేంత బిళ్ళ, బిళ్ళలో ఎర్రటి ఎనామిల్ పూత. మ్యూజియం రెండో అంతస్తులో ఏడో నంబరు అద్దం వెనక ఇలాంటిదే ఒకటుంది, అందులో సగమే ఉంది. దాన్ని అతను వేలసార్లు తుడిచాడు. పదమూడు వందల ఏళ్ళ నాటి పెద్దమనిషి సమాధిలో పెట్టే, గొలుసులతో వేలాడదీసే కంచు గిన్నె. ఇక్కడ అది పూర్తిగా ఉంది. దాని పక్కన ఆ పెద్దమనిషి కూడా ఉండే ఉంటాడు.

నెవిల్ మోకాళ్ళ మీద ఎంతసేపు ఉన్నాడో అతనికే తెలియదు. తరవాత మట్టి తోసి, గడ్డి మూత మూసి, బూటుతో తొక్కి, గేటు అవతలికి వచ్చి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే మావర్ గారితో తప్పు చేశానండి, కానీ ఇక్కడేముందో చూడండి అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ముసలాయన ఒక పూట తిట్టేవాడు, రెండో పూట టీ ఇచ్చేవాడు, మనుషులు అంతకంటే క్రూరులు కారు. కానీ నెవిల్‌కి గిన్నె ఒక్కటే చాలదు, మచ్చలేని పేరుతో కావాలి. మాట తప్పి తవ్వినవాడన్న పేరుతో చీటీ ఎక్కడం ఇష్టం లేదు. ముందు అనుమతి రావాలి, తరవాత అది 'దొరకాలి'. అంతవరకు అక్కడే ఉంటుంది, పదమూడు వందల ఏళ్ళున్నది ఇంకో ఏడాది ఉండలేదా అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి తెలివిగా తోచింది.

మావర్ గారు ర్యాలీకి ఒప్పుకున్నాడు. అప్పుడు నెవిల్‌కి భయం పట్టుకుంది. నలభై మంది యంత్రాలతో ఆ గేటులోంచే పొలంలోకి పోతారు. పోతూ పోతూ ఒక్కడు గడ్డి మీద ఊపినా చాలు. ఒక రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. కార్ల కింద ఎవడూ వెతకలేడు. పాదిరి చెక్కనే కార్ల స్టాండు చేశాడు. మావర్ గారు అభ్యంతరం చెబుతాడేమోనని బెదురుతూ అడిగితే ఆయన తల ఊపాడు.

"పెట్టుకోండి. చక్రం గడ్డిని చంపదోయ్, పారే చంపుతుంది."

మొదటి ఏడు ఆ చోటు మీద నెవిల్ తన కారే పెట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ అతను నిశ్చింతగా నవ్వాడు, జోకులేశాడు.

అలా మొదలైన ర్యాలీ జిల్లాలో పేరు తెచ్చుకుంది. నలభై మంది నూరయ్యారు, నూరు మూడొందలయ్యారు. హల్ నుంచి, షెఫీల్డ్ నుంచి ఇళ్ళలాంటి వ్యాన్లు తోలుకొచ్చేవారు. నెవిల్ పసుపు చొక్కా తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర నిలబడేవాడు. కోతయంత్రం వెళ్ళిన మూడో రోజున రావాలి, విత్తే యంత్రం వచ్చే ముందు పోవాలి. ఆ తేదీ పట్టుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. గుంతలు పూడ్చని వాళ్ళని మరుసటి ఏడు రానిచ్చేవాడు కాదు. అతను అచ్చువేయించిన కార్డు మీద అయిదు నియమాలు ఉండేవి. చెప్పిన చోటే వెతకండి. తవ్విన గుంత పూడ్చండి. దొరికిన ప్రతిదీ గుడారంలో బల్ల దగ్గర చూపించండి. చెత్త లోహం మళ్ళీ పొలంలో పారెయ్యకుండా బల్ల పక్కన బకెట్లో వెయ్యండి. అయిదోది ఏ ర్యాలీలోనూ లేనిది: నిర్వాహకుడు ఆ రెండు రోజులూ యంత్రం పట్టుకోడు. ఈ అయిదో నియమం చూసి జనం ఎంత పెద్దమనిషి అనుకున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వీళ్ళు అసలు పట్టే ప్రయత్నమే చెయ్యలేదు.

గుడారంలో బల్ల దగ్గర కూర్చునేది ఇమోజెన్ ఫేన్. దొరికిన వస్తువులన్నీ రాసుకోవడానికి జిల్లా తరఫున వచ్చే పురావస్తు అధికారి. ఆవిడకి ఒక అలవాటు ఉంది. రెండో రోజు చివర చెత్త బకెట్‌ని దుప్పటి మీద బోర్లించి ఒక్కొక్క ముక్కా చూస్తుంది. జనం సోడా మూతలతో పాటు రోమన్ల నాటి పిన్నీసు ముక్కలు కూడా పారేస్తారని ఆవిడ అనుభవం. ఆ బకెట్ అక్కడ పెట్టాలని ఏర్పాటు చేసింది నెవిలే.

ప్రతి ఏడూ ర్యాలీ అయిన మర్నాడు బెరిల్ ఎండుపళ్ళు వేసి చేసిన ప్లమ్ బ్రెడ్డు, చీజు ముక్క పట్టుకుని మావర్ గారి వంటింటికి వెళ్ళేవాడు. అదీ ఇదీ మాట్లాడి చివర్లో, వచ్చే ఏడు గడ్డి మీద కూడా ఒకసారి చూడనిస్తారా అని అడిగేవాడు. ఆయన బ్రెడ్డు తినేవాడు, కాదనేవాడు. తొమ్మిదో ఏడో పదో ఏడో ఆయనకి విసుగొచ్చింది.

"నేను పోయాక అడుగు నెవిల్. అప్పుడు నాకేం అభ్యంతరం ఉండదు."

ఆయన నవ్వులాటకి అన్నాడు. నెవిల్ అది గుండెలో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి అతను ఒక మంచి మనిషి చావు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. మొదటి ఏడు సిగ్గుపడ్డాడు. తరవాత సిగ్గు పడటం కూడా మానేశాడు. మావర్ గారికి తుంటి విరిగిందని విన్నప్పుడు ఆస్పత్రికి ద్రాక్షపళ్ళు తీసుకెళ్ళి, డాక్టరు మొహంలోకి ఆశగా చూశాడు. ముసలాయన రెండు నెలల్లో కర్ర పట్టుకుని గొర్రెల్లోకి వచ్చాడు.

ఈలోగా పాదిరి చెక్క మీద బరువు పెరిగింది. టీ వ్యాను వచ్చింది, జనరేటరు వచ్చింది, ప్లాస్టిక్ మరుగుదొడ్లు మోసే లారీ వచ్చింది. పదమూడో ర్యాలీ ముందు రోజు కుండపోతగా వాన పడితే ఆ లారీ చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి, మావర్ గారి ట్రాక్టరు వచ్చి లాగాల్సి వచ్చింది. అది దిగింది గేటుకి దాదాపు పదహారు అడుగుల్లో. ఆ పూట నెవిల్ పసుపు చొక్కా లోపల చెమటతో తడిసిపోయాడు. పైన జానెడు మట్టి ఉంది కదా, ఏమీ కాదు అని తనకి తానే చెప్పుకున్నాడు. మనసుకి ఒకసారి అబద్ధం అలవాటైతే అది ఎంత బరువైనా మోస్తుంది.

పంతొమ్మిదో ర్యాలీ అయ్యాక ఫిబ్రవరిలో, గొర్రెలు ఈనే రోజుల్లో, మావర్ గారు తొంభై మూడో ఏట పోయాడు. చర్చిలో నెవిల్ మూడో వరసలో కూర్చుని, అందరితో పాటు కీర్తన పాడుతూ, కోతలకి ఇంకా ఎన్ని వారాలో లెక్కపెట్టుకున్నాడు. పొలం కూతురు హెస్టర్‌కి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళు బళ్ళో చదువు చెప్పింది, ఏది మాట్లాడినా నిటారుగా మాట్లాడుతుంది. నెవిల్ మర్యాద కోసం జూన్ దాకా ఆగి, ప్లమ్ బ్రెడ్డు పట్టుకుని వెళ్ళాడు. మీ నాన్నగారు ఆ గడ్డి మీద వద్దనేవారు, ఇప్పుడు ర్యాలీ అయిపోయాక నేనొక్కడినీ ఓ సాయంత్రం నెమ్మదిగా చూసుకుంటాను, గుంతలు నేనే పూడుస్తాను అన్నాడు. ఈ మాటలు అతను ఏళ్ళ తరబడి స్నానాల గదిలో అద్దం ముందు సాధన చేసినవి.

హెస్టర్ కళ్ళు చెమ్మగిల్లాయి.

"మీ ఒక్కరికే ఎందుకండీ నెవిల్ గారూ? ఇన్నేళ్ళు నాన్న మాటకి కట్టుబడి ఒక్కసారి కూడా దాని మీద పార పెట్టలేదు మీరు. ఈ ఏడు అందరికీ తెరిచేద్దాం. నాన్న పేరు మీద. కార్లు మా కళ్ళం సిమెంటు మీద పెట్టుకోండి."

వద్దంటే ఎందుకంటుంది. ఎవరికో దక్కకూడదని చెబితే ఏముందక్కడ అని అడుగుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుని, చివరికి టీ వ్యానుకీ మరుగుదొడ్లకీ మాత్రం గేటు పక్కన గట్టినేల కావాలండీ అన్నాడు. దానికేముంది, పెట్టుకోండి అంది హెస్టర్. గిన్నె ఉన్న చోటు వాటి కింద ఉంటుంది, ర్యాలీ రెండు రోజులు గడిస్తే చాలు. సోమవారం సాయంత్రం హెస్టర్ అనుమతితో, పగటి వెలుగులో, నిర్వాహకుడు కాని మామూలు నెవిల్‌గా వచ్చి తవ్వుకుంటాడు. గడ్డివాము కాసిన కుక్కకి చివరికి గడ్డి తినే రోజు వచ్చిందనుకున్నాడు.

ఆగస్టు మూడో శనివారం మూడొందల ముప్పై మంది వచ్చారు. నెవిల్ ఈల ఊదగానే సగం మంది కొయ్యకాళ్ళ మీదికి, సగం మంది ముందెన్నడూ ఎవరూ ముట్టని పాదిరి చెక్క మీదికి పరిగెత్తారు. గడ్డి మీద వాళ్ళకి ఒక నాడా, రెండు చిల్లర పెన్నీలు, గంప నిండా సోడా మూతలు, రేకు ముక్కలు దొరికాయి. అవన్నీ పంతొమ్మిదేళ్ళ కార్లవాళ్ళు పారేసినవే. నెవిల్ మాత్రం ఆరు మరుగుదొడ్ల వరస పక్కనుంచి కదల్లేదు. సూర్యుడు నెత్తి మీదికొచ్చినా అక్కడే. ఏటా షెఫీల్డ్ నుంచి వచ్చే పాత చుట్టం లాంటి మనిషొకడు బేకన్ రొట్టె నముల్తూ ఆగాడు.

"ఏంటి నెవిల్, రిటైరయ్యాక ఇక్కడ వేయించుకున్నావా కాపలా? లోపల రాణిగారున్నారా ఏంటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నెవిల్ కూడా నవ్వాడు.

శనివారం సాయంత్రం వాన పడింది, పెద్దది కాదు గాని నేలని మెత్తబరిచింది. ఆదివారం నాలుగింటికి, ఇంకా జనం గుడారం చుట్టూ ఉండగానే, మరుగుదొడ్ల లారీ వచ్చింది. సోమవారం రావాలి. డ్రైవరు డీన్ ట్రఫిట్‌కి సోమవారం మేనకోడలి బాప్టిజం ఉందట, ఇవాళే ఎత్తుకుపోతానన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మంచి మాటకారి. రేపు రమ్మని నెవిల్ రెండుసార్లు చెప్పి చూశాడు. ఆ దొడ్ల మీద అంత ప్రేమేంటి పెద్దాయనా అంటూనే అతను ఆరూ ఎక్కించేశాడు. నిండు బరువుతో లారీ వెనక్కి రాబోతే కుడి చక్రం కూరుకుంది. ఇంకా తొక్కాడు. చక్రం గిర్రున తిరిగి, గడ్డినీ నల్లమట్టినీ చిమ్మి, ఒక్క కుదుపుతో బయటపడింది.

డీన్ దిగి చక్రం గాడిలోకి చూశాడు. నెవిల్ అతని వెనకే ఉన్నాడు, అతని కంటే ముందే చూశాడు. బురదలో ఆకుపచ్చటి రేకు నిలబడి ఉంది, దాని మీద సగం ఎర్రబిళ్ళ. డీన్ వంగి దాన్ని లాగాడు. అరచేయి వెడల్పు ముక్క వచ్చింది.

"ఏంటిది పెద్దాయనా? పాత కారు చక్రం మూతలా ఉంది."

ఒక్క మాట చాలు. ఇది సమాధి, ఆగు, ఇమోజెన్‌ని పిలు అంటే చాలు. ఆ మాట నాలుక మీద ఉంది కూడా. కానీ చేతిలో పట్టుకున్నది డీన్. కనుగొన్నవారు అని చీటీ మీద పడేది ఆ పేరు. నెవిల్ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"చెత్తే. బకెట్లో పడేసి నీ పని చూసుకో."

డీన్ చెప్పినట్టే విన్నాడు. ముక్కని గుడారం దాకా తీసుకెళ్ళి బకెట్లో వేసి, గాడి మీద బూటుతో మట్టి తోసి, లారీ ఎక్కబోతూ ఒక టీకి ఆగాడు. నెవిల్ బకెట్ వైపు నడుస్తుంటే హెస్టర్ చెయ్యి పట్టుకుంది. లాటరీ చీట్లు తియ్యాలి, అందరూ ఎదురుచూస్తున్నారు, ఏటా మీరే కదా. అతను మైకు ముందు నిలబడి, ముప్పై చీట్లలో ఒక్కొక్కటే తీసి పేర్లు చదివాడు. హామ్ ఎవరికి, విస్కీ సీసా ఎవరికి, మిసెస్ కాప్లీ అల్లిన శాలువా ఎవరికి. చదువుతూ చదువుతూ గుడారంలో ఇమోజెన్ దుప్పటి పరచడం చూశాడు. ఇరవై మూడో చీటీ దగ్గర ఆవిడ బకెట్ బోర్లించింది.

"ఇది ఎవరిది?"

ఇమోజెన్ గొంతు ఎప్పుడూ అంత మెల్లగా ఉండదు. ముక్కని రెండు చేతులతో పట్టుకుని ఉంది. డీన్ టీ గ్లాసు పట్టుకునే చెయ్యి ఎత్తాడు, తన చక్రం కింద వచ్చిందన్నాడు. మరి చెత్తలో ఎందుకు వేశావని ఆవిడ అడిగింది.

"నాకేం తెలుసండీ? ఆ పెద్దాయనే చెత్తన్నాడు."

అందరి మొహాలూ నెవిల్ వైపు తిరిగాయి. షెఫీల్డ్ మనిషే ముందు నవ్వాడు. "ఇరవై రెండేళ్ళు మ్యూజియంలో చేశాడురా నాయనా! అద్దం తుడిచాడు గాని లోపలికి చూడలేదు." నవ్వు గుడారమంతా పాకింది, చెడ్డ నవ్వు కాదు, మనవాడిని చూసి నవ్వే నవ్వు. నెవిల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గుర్తుపట్టానంటే దొంగ. గుర్తుపట్టలేదంటే మూర్ఖుడు. రెండిట్లో ఒకటి తీసుకోవాలి.

"కళ్ళు మందగించాయి" అన్నాడు.

ఇమోజెన్ నవ్వలేదు. జనాన్ని దూరంగా పంపి, గాడి చుట్టూ తాడు కట్టించి, బోర్లా పడుకుని చిన్న తాపీతో మట్టి తీసింది. గంటసేపు ఎవరూ ఇంటికి పోలేదు. బయటపడింది గిన్నె కాదు, పలచగా అణిగిపోయిన రేకుల గుట్ట. పక్కన నీలం గాజు పొడి. ఒకప్పుడు అదొక కప్పు, అలాంటివి ఈ దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టేన్నే ఉన్నాయంది ఆవిడ. ఇంకాస్త కింద నుగ్గయిన పుర్రె. ఆవిడ రేకు అంచుల్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇక్కడ నాగలి ఎప్పుడూ దిగలేదు. ఇదంతా అంగుళం కూడా చెక్కుచెదరకుండా ఉండాల్సింది. ఇదిగో, ఈ విరుపు మెరుస్తోంది, ఇవాళ్టిది. కానీ ఇవి చూడండి, మెరుపు పోయింది గాని పచ్చబడలేదు. అయిదేళ్ళు, పదేళ్ళు, పదిహేనేళ్ళు. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ పై నుంచి అణిచారు. ఈ గడ్డి మీద బరువైనదేం తిరిగింది హెస్టర్?"

హెస్టర్ ఆలోచించింది. గొర్రెలు తప్ప ఏమీ లేవంది. దున్నడానికి ట్రాక్టరుని కూడా నాన్న ఎక్కనిచ్చేవాడు కాదు. తరవాత గుర్తొచ్చి నోటి మీద చెయ్యి వేసుకుంది. కార్లు.

ఆవిడే తాడు దాటి వచ్చి నెవిల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీరు మనసు కష్టపెట్టుకోకండి. మీకెలా తెలుస్తుంది? భూమిలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?" అంది. ఆ మాట విని చుట్టూ పది మంది అవునవునన్నారు. భుజం తట్టారు. ఒకాయన టీ తెచ్చి ఇచ్చాడు. అరవై కొరడా దెబ్బలు కొట్టినా నెవిల్ తట్టుకునేవాడు, ఆ జాలిని తట్టుకోలేకపోయాడు. ఒక్కడైనా అనుమానిస్తే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

అధికారి దగ్గర ఒక ఫారం ఉంటుంది. నేల చరిత్ర అని ఒక గడి. ఇమోజెన్ చేతులు మట్టిగా ఉన్నాయని నెవిల్‌నే రాయమంది. ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర రాతపని అతనే చేసిపెట్టేవాడు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. కనుగొన్నవారు అన్న గడిలో డీన్ ట్రఫిట్ అని రాశాడు. స్పెల్లింగు డీన్‌నే అడిగి రాశాడు. నేల చరిత్ర గడిలో ఆవిడ చెబుతుంటే గడ్డి, గొర్రెలు, పంతొమ్మిదేళ్ళు ఏటా వాహనాల స్టాండు అని రాశాడు. ఎవరి ఏర్పాటు మీద అన్నదానికి ఆవిడ ఏమీ చెప్పకుండానే తన పేరు రాసి సంతకం చేశాడు.

ఇంటికి వెళ్ళే దారిలో కారు బెరిల్ నడిపింది. ఆవిడ గుడారంలో టీ కప్పులు కడుగుతూ అంతా చూసింది. అందరూ నవ్వినప్పుడు ఆవిడ నవ్వలేదు, మొగుడి మొహం చూసింది. హార్న్‌కాజిల్ మలుపు దాటాక అడిగింది.

"ఎన్నేళ్ళ నుంచి తెలుసు నీకు?"

నెవిల్ కిటికీలోంచి కోసిన పొలాలు చూస్తున్నాడు. "పంతొమ్మిది" అన్నాడు.

సముద్రం ఒడ్డున వారం రోజులు, ర్యాలీ కోసం తమ కొడుకు పెళ్ళి తేదీ మార్పించిన ఏడు, ఆస్పత్రికి పట్టుకెళ్ళిన ద్రాక్షపళ్ళు, ఒకదాని వెనక ఒకటి ఆవిడకి అర్థమవుతూ ఉండి ఉంటాయి. ఇంటికి వెళ్ళి కెటిల్ పెట్టి ఒక్క కప్పే తీసింది. ప్లమ్ బ్రెడ్డు ఆ తరవాత ఆ ఇంట్లో ఎప్పుడూ కాలలేదు.

ఏడాదిన్నరకి మ్యూజియం రెండో అంతస్తులో కొత్త అద్దం పెట్టారు. ర్యాలీ అప్పటికి లేదు; హెస్టర్ వద్దనలేదు, నెవిలే మానేశాడు. ఒక మంగళవారం మధ్యాహ్నం, జనం లేని వేళ చూసి, టికెట్టు తీసుకుని మామూలు మనిషిలా లోపలికి వెళ్ళాడు. అద్దం వెనక నల్లగుడ్డ మీద నలభై ఒక్క ముక్కలు పరిచారు. గిన్నె ఎలా ఉండేదో పక్కన బొమ్మ గీసి పెట్టారు. ఆ బొమ్మ తప్పు. అంచు అంత మందం కాదు, ఒంపు ఇంకా లోతు, ఎర్రబిళ్ళ ఇంకా కిందికి ఉంటుంది. అది పూర్తిగా ఉండగా చూసినవాడు భూమి మీద ఒక్కడే, వాడు ఎవరికీ చెప్పలేడు.

చీటీ చదివాడు. కనుగొన్నవారు: డీన్ ట్రఫిట్, లారీ డ్రైవరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. సమాధి చెక్కుచెదరకుండా ఉండేదనీ, ఎన్. డానెట్ నిర్వహించిన ర్యాలీల వాహనాల బరువుకి నలిగిపోయిందనీ. పేరులో అక్షరదోషం లేదు, ఇంగ్లీషు స్పెల్లింగు చివర రెండు 't'లూ ఉన్నాయి.

ఆ వాక్యం మీదే ఎవరో పిల్లల చేతి మరక ఉంది. జేబురుమాలు తీసి, నోటి ఆవిరి పట్టి, పాత అలవాటు ప్రకారం గుండ్రంగా తుడవబోయాడు. మూల కుర్చీలోంచి కొత్త అటెండెంటు, పాతికేళ్ళ అమ్మాయి, లేచి మర్యాదగానే చెప్పింది.

"సార్, అద్దం ముట్టుకోకూడదండీ."